జాంగోలో మోడల్ నుంచి టెంప్లేట్ దాకా: ఏళ్ల తరబడి వాడాక ఒక సమీక్ష

పైథాన్ భాషలో వెబ్‌సైట్లు కట్టడానికి వాడే ఫ్రేమ్‌వర్క్ జాంగో. దాని గురించి రాసేవారు ఎక్కువగా దాని అడ్మిన్‌ను (డేటాను చూసి మార్చుకునే సిద్ధంగా ఉన్న పేజీలు), మైగ్రేషన్లను (డేటాబేస్ నిర్మాణాన్ని మార్చే ఏర్పాటు), భద్రతా ఏర్పాట్లను మెచ్చుకుంటారు. డేటాబేస్‌లోని వరుస పేజీ మీద అక్షరాలుగా మారే చివరి మజిలీ గురించి మాత్రం ప్రారంభ పాఠాలు రెండు పేరాల్లో తేల్చేస్తాయి. 1.4 శ్రేణి కాలం నుంచి 5 శ్రేణి వరకు ఈ ఫ్రేమ్‌వర్క్‌తోనే పని చేస్తున్న నాకు ఎక్కువ సమయం పట్టించినదీ, ఎక్కువ పని సులువు చేసినదీ ఆ మజిలీయే కాబట్టి ఈ సమీక్షను దానికే పరిమితం చేస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెబుతాను: మోడల్ వస్తువును (డేటాబేస్ వరుసకు పైథాన్ రూపం) ఉన్నది ఉన్నట్టుగా టెంప్లేట్ (పేజీ హెచ్‌టీఎంఎల్ నమూనా) చేతికి ఇవ్వగలగడం జాంగోలోని గొప్ప సౌకర్యం, పేజీ నెమ్మదించడానికి మొదటి కారణం కూడా అదే.

పద్ధతి సంగతి కొత్తవారికి కూడా ఒక పూటలో పట్టుబడుతుంది. వ్యూలో (పేజీ అడిగినప్పుడు నడిచే పైథాన్ కోడ్) క్వెరీసెట్ (డేటాబేస్‌ను ఏమడగాలో చెప్పే వస్తువు) రాసి, దానికి ఒక పేరు పెట్టి కాంటెక్స్ట్ డిక్షనరీలో (టెంప్లేట్‌కు పంపే పేర్లు, విలువల జాబితా) ఉంచి, ఆ డిక్షనరీని రెండర్ ఫంక్షన్‌కు మూడో ఆర్గ్యుమెంట్‌గా ఇస్తే చాలు, టెంప్లేట్‌లో ఆ పేరు, చుక్క, ఫీల్డు పేరు రాసుకోవచ్చు. ఆ చుక్క చేసే పని మాత్రం కనిపించేంత చిన్నది కాదు. అది మొదట డిక్షనరీ కీగా వెతుకుతుంది, దొరకకపోతే అట్రిబ్యూట్‌గా, అదీ కాకపోతే లిస్టు సూచికగా చూస్తుంది, చివరికి దొరికినది పిలవదగినదైతే ఆర్గ్యుమెంట్లు లేకుండా దాన్ని పిలిచేస్తుంది. జాంగో 2003లో అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రంలోని లారెన్స్ పట్టణపు దినపత్రిక కార్యాలయంలో రూపుదిద్దుకుని 2005 జులైలో బయటికి వచ్చింది. హెచ్‌టీఎంఎల్ తెలిసి పైథాన్ తెలియని వారు కూడా పేజీలు తయారు చేసుకోగలగాలన్న ఉద్దేశం ఈ టెంప్లేట్ భాషలో అడుగడుగునా కనిపిస్తుంది. బ్రాకెట్లు లేవు, ఆర్గ్యుమెంట్లు పంపే వీలు లేదు, అండర్‌స్కోరుతో మొదలయ్యే పేర్లను ముట్టుకోనివ్వదు. డిలీట్, సేవ్ వంటి మెథడ్లకు ఆల్టర్స్_డేటా అనే గుర్తు ఉంటుంది కాబట్టి ఎవరైనా పొరపాటున చుక్క పెట్టి డిలీట్ అని రాసినా టెంప్లేట్ దాన్ని పిలవదు. ఈ కట్టుబాట్లు మొదట్లో చిరాకు పెట్టినా, లెక్కలన్నీ మోడల్ మెథడ్లలోకో వ్యూలోకో చేరడానికి కారణం అవే గనుక వాటిని నేను లాభాల ఖాతాలోనే వేస్తాను.

ఇక ఖర్చు సంగతి. క్వెరీసెట్ బద్ధకపుది, దాని మీద లూప్ తిరిగేవరకు డేటాబేస్‌ను పలకరించదు. అంటే వ్యూలో రాసిన క్వెరీ చాలాసార్లు నడిచేది టెంప్లేట్ లోపలే. యాభై పుస్తకాల జాబితా పేజీలో ప్రతి పుస్తకం పక్కన బుక్.ఆథర్.నేమ్ అని రాశామనుకోండి. జాబితాకు ఒక క్వెరీ, ప్రతి పుస్తకం రచయితకూ మరొకటి, మొత్తం 51 క్వెరీలు నడుస్తాయి. చదివేవారి కంటికి అక్కడ ఉన్నవి రెండు చుక్కలే. వ్యూలో సెలెక్ట్_రిలేటెడ్ చేరిస్తే అది జాయిన్‌తో (రెండు పట్టికలను కలిపి అడగడం) ఒకే క్వెరీ అవుతుంది. మెనీ టు మెనీ సంబంధాలకు (రెండు వైపులా అనేకం ఉండేవి), వెనక్కి వెళ్లే ఫారిన్ కీలకు (ఒక రచయిత నుంచి అతని పుస్తకాలకు వెళ్లడం వంటివి) 1.4 నుంచి ప్రీఫెచ్_రిలేటెడ్ ఉంది, అది విడిగా ఇంకో క్వెరీ నడిపి ఫలితాలను పైథాన్‌లో జతపరుస్తుంది. ప్రీఫెచ్ చేశాం కదా అని నిశ్చింతగా ఉండటానికి వీల్లేదు. టెంప్లేట్ పిలిచే మోడల్ మెథడ్ లోపల ఫిల్టర్ గానీ ఆర్డర్_బై గానీ ఉంటే, ముందే తెచ్చిపెట్టుకున్న ఫలితాలను పక్కన పెట్టి ప్రతి వస్తువుకూ కొత్త క్వెరీ వెళుతుంది. అలాంటి చోట్ల ఫిల్టర్‌ను ప్రీఫెచ్ వస్తువులోనే పెట్టి, ఫలితాన్ని టు_ఏటీటీఆర్ ద్వారా వేరే పేరుతో అందించడమే నాకు నికరంగా పనిచేసిన పద్ధతి.

ఇంతకన్నా సూక్ష్మమైనది ఇంకొకటి ఉంది. బుక్.రివ్యూస్.ఆల్ అని ఇఫ్ ట్యాగ్‌లో ఒకసారి, దాని కిందే ఫర్ ట్యాగ్‌లో మరోసారి రాస్తే, ప్రీఫెచ్ లేనప్పుడు రెండు క్వెరీలు నడుస్తాయి, ఎందుకంటే ఆల్ అన్న ప్రతిసారీ కొత్త క్వెరీసెట్ పుడుతుంది. వ్యూ నుంచి వచ్చిన ఒకే క్వెరీసెట్ పేరును ఆ రెండు చోట్లా వాడితే మొదటిసారి తెచ్చిన ఫలితమే రెండోసారి పనికొస్తుంది. విత్ ట్యాగ్‌తో ఒక పేరు కట్టుకున్నా సరిపోతుంది, ఇఫ్‌ను తీసేసి ఫర్ లోపల ఎంప్టీ ట్యాగ్ వాడుకుంటే ఇంకా శుభ్రం. ఇలాంటివి కంటితో పట్టుకోవడం కష్టం కాబట్టి జాబితా పేజీలన్నింటికీ ఎన్ని క్వెరీలు నడిచాయో సరిచూసే అసర్ట్‌నమ్‌క్వెరీస్‌తో పరీక్ష రాసి పెట్టుకోవడం నాకు అలవాటైంది. పేజీ నడిపిన క్వెరీలను చూపే డీబగ్ టూల్‌బార్ మనం చూసినప్పుడే చెబుతుంది, పరీక్ష మాత్రం ఎవరో ఆరు నెలల తరువాత టెంప్లేట్‌లో ఇంకో చుక్క చేర్చినప్పుడు కూడా చెబుతుంది.

నాకు ఇప్పటికీ మింగుడుపడనిది ఈ భాష మౌనం. కాంటెక్స్ట్‌లో లేని పేరు రాస్తే తప్పు చూపకుండా ఖాళీ వదిలేస్తుంది. వాడుకరికి ప్రొఫైల్ వరుస లేకపోతే యూజర్.ప్రొఫైల్.ఫోన్ అన్నది పైథాన్‌లో ఎక్సెప్షన్ (ప్రోగ్రాంను ఆపే తప్పు సంకేతం) లేపుతుంది, టెంప్లేట్‌లో మాత్రం అది అణిగిపోయి ఖాళీ స్థలమే మిగులుతుంది. దొరకని వరుసకు సంబంధించిన ఆ ఎక్సెప్షన్ తరగతికి మౌనంగా ఉండమని జాంగోయే గుర్తు పెట్టి ఉంచింది మరి. పేజీ కూలిపోకుండా నిలబడటం దినపత్రికకు సౌకర్యమే కావచ్చు, అయితే ఇఫ్ ట్యాగ్‌లో ఇదే గుణం ప్రమాదకరం. లేని పేరు అక్కడ విలువ ఏమీ లేదని చెప్పే నన్‌గా లెక్కకు వస్తుంది. అందువల్ల దాచిన పుస్తకాలను చూపవద్దన్న ఉద్దేశంతో ఇఫ్ నాట్ బుక్.ఈజ్_హిడెన్ అని రాయబోయి ఒక్క అక్షరం తప్పితే, షరతు ఎప్పుడూ నిజమై దాచినవన్నీ బయటపడతాయి. స్ట్రింగ్_ఇఫ్_ఇన్‌వాలిడ్ అమరికతో ఖాళీకి బదులు ఏదైనా గుర్తు వచ్చేలా చేసుకోవచ్చు, కానీ అది ఇఫ్‌కు వర్తించదు, పైగా దాన్ని డీబగ్ సమయంలో తప్ప ఎల్లవేళలా ఉంచడం మంచిది కాదు. ఏది చూపాలో ఏది చూపకూడదో అన్న నిర్ణయాన్ని నేను టెంప్లేట్‌కు వదలను, క్వెరీలోనే వడగట్టి పంపుతాను.

చుక్క వెతికే వరుసక్రమం వల్ల వచ్చే వింత ఒకటి చెప్పుకోవాలి. వర్గాల వారీగా పుస్తకాలను డిఫాల్ట్‌డిక్ట్‌లో పోగు చేసి పంపి, టెంప్లేట్‌లో దాని ఐటమ్స్ మీద లూప్ తిప్పితే పేజీలో ఏమీ రాదు. మొదటి ప్రయత్నం డిక్షనరీ కీ గనుక ఐటమ్స్ అనే కీ కోసం అడుగుతుంది, లేని కీకి ఖాళీ లిస్టు పుట్టించడం డిఫాల్ట్‌డిక్ట్ స్వభావం గనుక అది వెంటనే ఒకటి పుట్టించి ఇస్తుంది, మెథడ్ దాకా వెతుకులాట చేరదు. పంపేముందు మామూలు డిక్షనరీగా మార్చితే సమస్య పోతుంది. తెలియని వారికి మాత్రం ఒక సాయంత్రం గడిచిపోతుంది.

ఫంక్షన్‌కు బదులు క్లాసుగా రాసే క్లాస్ వ్యూల గురించి నా మాట క్లుప్తం. లిస్ట్‌వ్యూ తనంతట తానే ఆబ్జెక్ట్_లిస్ట్ అన్న పేరుతో డేటా అందిస్తుంది, కాంటెక్స్ట్_ఆబ్జెక్ట్_నేమ్ పెట్టుకుంటే మనకు నచ్చిన పేరుతోనూ ఇస్తుంది. పేజీకి ఒకే మోడల్ ఉన్నంతవరకు హాయిగా ఉంటుంది. మూడు నాలుగు మోడళ్లు కలిసే పేజీలో, కాంటెక్స్ట్‌ను సిద్ధం చేసే గెట్_కాంటెక్స్ట్_డేటా ఒక మిక్సిన్ (క్లాసుకు అదనపు పనులు చేర్చే మరో క్లాసు) మీద మరో మిక్సిన్ పేరుకుపోయాక, ఫలానా పేరు ఎక్కడి నుంచి వచ్చిందో వెతకడమే పనవుతుంది. అక్కడ ఫంక్షన్ వ్యూలో డిక్షనరీ మొత్తం ఒకే చోట కనబడటం నాకు ఎక్కువ విలువైనది. అన్ని పేజీల్లోనూ కావలసిన మెనూ వర్గాల వంటివాటికి అన్ని టెంప్లేట్లకూ విలువలు చేర్చే కాంటెక్స్ట్ ప్రాసెసర్ సరైన చోటు, అందులో క్వెరీసెట్‌ను లిస్టుగా మార్చకుండా వదిలితే మెనూ లేని పేజీలకు ఆ ఖర్చు పడదు.

పేజీ మీదికి వచ్చాక విలువల రూపం విషయంలో జాంగో చాలా పని చేసి పెడుతుంది. ప్రత్యేక అక్షరాలను ఎస్కేప్ చేయడం (హెచ్‌టీఎంఎల్‌గా పనిచేయకుండా మార్చడం) 1.0 నుంచి దానంతటదే జరుగుతుంది, తేదీలను టైమ్ జోన్‌కు మార్చుతుంది, ఛాయిసెస్ (ముందే నిర్ణయించిన ఎంపికలు) ఉన్న ఫీల్డుకు చదవదగిన పేరు గెట్‌తో మొదలై డిస్‌ప్లేతో ముగిసే మెథడ్ ద్వారా ఇస్తుంది. ఒకే జాగ్రత్త: వేల విభజన అమరికను ఆన్ చేసిన ప్రాజెక్టులో ఐడీ కూడా 1,234 అని కామాతో అచ్చవుతుంది, అది డేటా అట్రిబ్యూట్‌లో పడితే జావాస్క్రిప్ట్ తికమక పడుతుంది. అలాంటి చోట అన్‌లోకలైజ్ ఫిల్టర్ పెట్టాలి. జావాస్క్రిప్ట్‌కు మొత్తం డేటా అందించాల్సి వస్తే స్క్రిప్టు మధ్యలో విలువలు చొప్పించే పాత అలవాటు మాని, 2.1లో వచ్చిన జేసన్_స్క్రిప్ట్ ఫిల్టర్ వాడుకోవడం ఉత్తమం. అయితే అది మోడల్ వస్తువులను నేరుగా తీసుకోదు, వ్యాల్యూస్‌తో తీసిన డిక్షనరీల లిస్టు ఇవ్వాలి.

ఇన్ని ఫిర్యాదులున్నప్పుడు 1.8 నుంచి జాంగోలోనే మద్దతు ఉన్న జింజా2 అనే మరో టెంప్లేట్ భాషకు ఎందుకు మారలేదని అడగవచ్చు. అందులో ఆర్గ్యుమెంట్లతో మెథడ్లను పిలవవచ్చు, కఠినమైన అన్‌డిఫైన్డ్ పెట్టుకుంటే లేని పేరుకు వెంటనే ఎక్సెప్షన్ వస్తుంది. ఒక ప్రాజెక్టులో వాడి చూశాను, మౌనం సమస్య నిజంగానే తీరింది. కానీ అడ్మిన్‌కు జాంగో టెంప్లేట్ ఇంజిన్ ఎలాగూ ఉండి తీరాలి, బయటి యాప్‌ల టెంప్లేట్లు కూడా చాలావరకు అదే భాషలో వస్తాయి కాబట్టి రెండు భాషలను పక్కపక్కనే మోయాల్సి వచ్చింది. పైగా ఆర్గ్యుమెంట్లు పంపే వీలు దొరకగానే ఫిల్టర్ పిలుపులు టెంప్లేట్లలోకి చేరి, క్వెరీల లెక్క మునుపటికన్నా పెరిగింది. తరువాతి ప్రాజెక్టులన్నింటికీ జాంగో సొంత భాషనే ఎంచుకున్నాను.