వానొస్తే మంత్రిని అడిగేదెవరు? కువైట్, యూఏఈ కేబినెట్లలో ఏది మేలు

2018 నవంబరులో కువైట్‌లో కుండపోత వానలు పడ్డాయి. రోడ్లు దెబ్బతిన్నాయి, తారు వదిలిన కంకర ఎగిరి కార్ల అద్దాలు పగిలాయి. ప్రజాపనుల మంత్రి హుస్సామ్ అల్ రూమీ రాజీనామా ఇచ్చారు. ఏడాది తిరిగేసరికి, అదే శాఖ చూస్తున్న జెనాన్ బూషహ్రీని ఆ రోడ్ల గురించే పార్లమెంటులో నిలదీశారు. ఆమె సభలోనే పదవి వదులుకున్నారు. మరికొన్ని గొడవలూ తోడై, ఆ వారంలోనే ప్రభుత్వం మొత్తం దిగిపోయింది.

2024 ఏప్రిల్ 16న యూఏఈలో 75 ఏళ్లలో ఎన్నడూ చూడనంత వాన. దుబాయ్ విమానాశ్రయం నీళ్లలో మునిగింది. పది రోజులు కాకముందే కేబినెట్ కూర్చుని పౌరుల ఇళ్ల మరమ్మతులకు 200 కోట్ల దిర్హాములు మంజూరు చేసింది. జూన్‌లో దుబాయ్ పాలకుడు వాన నీటి కాలువలకు 3,000 కోట్ల దిర్హాముల పథకం ప్రకటించారు. మంత్రి ఎవరూ దిగిపోలేదు. దింపగల సభ అక్కడ లేదు కూడా.

పైకి రెండు కేబినెట్లూ ఒకేలా ఉంటాయి. ప్రధాని పాలక కుటుంబం వాడే: కువైట్‌లో అల్ సబాహ్, యూఏఈలో 1971 నుంచీ దుబాయ్ మక్తూమ్ కుటుంబం. హోం శాఖ లాంటి బరువైన శాఖలు కూడా పాలక కుటుంబాల చేతుల్లోనే. తేడా మంత్రి ఎవరికి జవాబు చెప్పుకోవాలన్న దగ్గర వస్తుంది.

కువైట్ 1962 రాజ్యాంగం లెక్క చూడండి. ఎన్నికైన సభ్యులు 50 మంది. మంత్రులు అందులో మూడో వంతు మించకూడదు, అంటే 16 మందే. అందులో కనీసం ఒకరు ఎన్నికైన సభ్యుడు ఉండాలి. ఆ ఒక్కరిని అక్కడి పత్రికలు 'ముహల్లిల్' అంటాయి, అంటే చెల్లుబాటు చేసేవాడని. మంత్రులకు సభలో ఓటుంది, కాబట్టి ఏ బిల్లుకైనా ప్రభుత్వం చేతిలో ముందే ఓ పదిహేను ఓట్లు ఉన్నట్టే. కానీ మంత్రి మీద అవిశ్వాసం వచ్చినప్పుడు ఆ ఓట్లు పనికిరావు. ఎన్నికైనవాళ్లే తేల్చాలి. ఈ ఒక్క నిబంధన నాకు చాలా గొప్పగా అనిపిస్తుంది.

యూఏఈలో ఫెడరల్ నేషనల్ కౌన్సిల్ అనే సలహా సభకు 40 మంది. అబుదాబి, దుబాయ్‌లకు ఎనిమిదేసి, షార్జా, రస్ అల్ ఖైమాలకు ఆరేసి, మిగతా మూడు ఎమిరేట్లకు నాలుగేసి. 2006 నుంచి సగం మంది ఎన్నికవుతున్నారు. మంత్రిని ప్రశ్న అడగొచ్చు, సలహా ఇవ్వొచ్చు, దింపలేరు. సభ బెడద లేదు కాబట్టి కొత్త ప్రయోగాలు సులువు. 2016లో 22 ఏళ్ల షమ్మా అల్ మజ్రూయీ యువజన శాఖ మంత్రి అయ్యారు. మరుసటి ఏడాది కృత్రిమ మేధకు విడిగా ఒక మంత్రిని పెట్టారు, ఆయనకు 27 ఏళ్లు.

కువైట్ పద్ధతికి చెల్లించిన మూల్యం తక్కువేం కాదు. 2006 నుంచి 2011 దాకా ఒకే ప్రధాని, షేక్ నాసర్ అల్ మొహమ్మద్, ఏడు కేబినెట్లు కట్టారు. 1999లో మహిళలకు ఓటు హక్కు ఇద్దామని అమీర్, అంటే దేశ పాలకుడు, అంటే, ఎన్నికైనవాళ్లున్న ఆ సభే తోసిపుచ్చింది. ఆ హక్కు 2005 దాకా రాలేదు. ప్రభుత్వ అప్పులకు వీలిచ్చే చట్టం 2017లో గడువు తీరిపోతే ఏళ్ల తరబడి సభ కొత్తది తేల్చలేదు. 2024లో సభ రద్దయ్యాక, 2025లో అమీర్ ఇచ్చిన ఒక్క డిక్రీతో (ఆదేశంతో) అయిపోయింది. పని జరగడమే కొలత అనుకునేవాళ్లు యూఏఈ వైపు మొగ్గడంలో ఆశ్చర్యం లేదు.

మన వాళ్ల సంగతి కూడా చూడాలి. కడప, అన్నమయ్య, గోదావరి జిల్లాల వాళ్లు ఎక్కువగా కువైట్‌కు, కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్ వాళ్లు దుబాయ్ వైపు పోతారు. రెండు చోట్లా వాళ్లకు ఓటు లేదు. యూఏఈలో కార్మికుల వ్యవహారాలకు కేబినెట్‌లోనే ఒక మంత్రి ఉన్నాడు, అది మేలే. అయితే ఇళ్లల్లో పనిచేసేవాళ్లకు వారానికొక సెలవు, రోజుకు 12 గంటలకు మించని పని అని చట్టం ముందు తెచ్చింది 2015లో కువైట్ పార్లమెంటు. యూఏఈలో అలాంటి చట్టం 2017లో వచ్చింది. అమలు సంగతి ఎన్నో ఇళ్లల్లో వేరేగా ఉందని మన ఊళ్లకు తెలుసు. అయినా పౌరుల ఓట్లతో నడిచే సభ పరాయి పనిమనిషి గురించి పట్టించుకోదన్న మాట నిజం కాలేదు.

కాబట్టి నా ఓటు కువైట్ రాజ్యాంగం రాసుకున్న కేబినెట్‌కే. ఇప్పుడున్నదానికి మాత్రం కాదు. 2024 మే 10న అమీర్ షేక్ మిషాల్ సభను రద్దు చేసి, రాజ్యాంగంలోని కొన్ని అధికరణాలను నాలుగేళ్ల దాకా పక్కన పెట్టారు. ఆ తర్వాత వేలమంది పౌరసత్వం పోగొట్టుకున్నారు. ఆ పని చూసే కమిటీకి హోం మంత్రే అధ్యక్షుడు. కంకర లేచిన రోడ్ల గురించి మంత్రిని నిలదీసిన సభ ఉంటే, పౌరసత్వం పోయినవాళ్ల జాబితాల మీద ఆయనను గంటల తరబడి అడిగేది. నాలుగేళ్ల గడువు 2028 మేలో తీరుతుంది. సభ తిరిగొస్తే, మొదటి నిలదీత దీని మీదే జరగాలని నా కోరిక.