పెద్ద బండి మైలేజీ, కాకిలెక్కలు, ఓ చిన్న ఓబీడీ డాంగిల్: రివ్యూ

పెద్ద ఎస్‌యూవీ ఎంత తాగుతుందన్న వాదన మొదలైతే రెండు వైపులా కాకిలెక్కలే వినిపిస్తాయి. బండి ఉన్నాయన హైవే మీద ఏనాడో ఒకసారి కనబడిన అంకెను పట్టుకుని అదే మైలేజీ అంటాడు. లేనాయన ట్రాఫిక్‌లో చూసిన అంకెను చెప్పి, ఇంత బండి ఎందుకని దెప్పుతాడు. బండి కంప్యూటరులోని అంకెలను ఫోన్‌లోని యాప్‌కు పంపే, అగ్గిపెట్టెకంటే కాస్త పెద్దగా ఉండే ఈఎల్‌ఎం327 బ్లూటూత్ డాంగిల్ ఈ వాదనలో ఎంతవరకు పనికొస్తుందన్నదే ఈ రివ్యూ. ముందే చెప్పేస్తే: పెట్రోలు బండికి బాగా పనికొస్తుంది, అదీ కాలిబ్రేషన్, అంటే బంకు లెక్కతో సరిచూసి దిద్దడం, చేసుకుంటేనే. డీజిల్ బండికి చాలాసార్లు ఇది అబద్ధాలపుట్ట.

స్టీరింగు కింద, మోకాలికి దగ్గర్లో ఉండే 16 పిన్నుల ఓబీడీ (బండి తన లోపాలను తానే కనిపెట్టి చెప్పే వ్యవస్థ) పోర్టులో దీన్ని గుచ్చుతారు. అమెరికాలో 1996 నుంచి, యూరప్‌లో పెట్రోలు కార్లకు 2001 నుంచి ఈ వ్యవస్థ తప్పనిసరి. పోర్టులో 4, 5 పిన్నులు ఎర్తు. 6, 14 ఇంజిన్ కంప్యూటరుతో మాట్లాడే క్యాన్ లైన్లు. 16వ పిన్ను నేరుగా బ్యాటరీకి, తాళం తీసినా అందులో 12 వోల్టులు ఉంటాయి. ఈ పిన్ను సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాత పని ఉంది.

డాంగిల్ పేరు అసలు ఒక చిప్పుది. కెనడాకు చెందిన ఈఎల్‌ఎం ఎలక్ట్రానిక్స్ తయారుచేసిన ఆ చిప్పు మొదటి వెర్షనుకు కాపీ రక్షణ లేకపోవడంతో నకళ్లు ప్రపంచమంతా పాకాయి. కంపెనీ 2022లో మూతబడింది, నకళ్లు మాత్రం బతికే ఉన్నాయి. పెట్టెమీద "వెర్షన్ 1.5" అని ఉంటే అది నకలేనని వేరే రుజువు అక్కర్లేదు, ఎందుకంటే అసలు కంపెనీ ఆ వెర్షన్ ఎన్నడూ విడుదల చేయలేదు. తమాషా ఏమిటంటే 1.5 అని చెప్పుకునే నకళ్లే, 2.1 అని చెప్పుకునే నకళ్లకంటే ఎక్కువసార్లు సరిగ్గా పనిచేస్తాయి. 2.1 అని వచ్చే చాలావాటిలో సగం కమాండ్లు ఉండవు, కొన్ని బండ్లతో అసలు కలవవు. వెర్షన్ అంకె పెద్దదని మురిసిపోవద్దు.

ఇది పెట్రోలును కొలవదు. కొనేవాళ్లలో చాలామందికి తెలియని ముఖ్యమైన సంగతి ఇదే. ఇంజిన్‌లోకి పోయే గాలిని ఎంఏఎఫ్ సెన్సరు సెకనుకు ఇన్ని గ్రాములని చెబుతుంది. పెట్రోలు ఇంజిన్ మామూలుగా ఒక గ్రాము పెట్రోలుకు 14.7 గ్రాముల గాలి చొప్పున కలుపుతుంది కాబట్టి, యాప్ ఆ గాలిని 14.7తో భాగించి, పెట్రోలు సాంద్రతతో లీటర్లలోకి మారుస్తుంది. చేత్తో లెక్క కావాలంటే ఎంఏఎఫ్ అంకెను 0.33తో గుణించండి, గంటకు ఎన్ని లీటర్లో వచ్చేస్తుంది. బండి ఆగి, ఏసీ నడుస్తూ 4 గ్రాములు చూపిస్తోందంటే గంటకు 1.3 లీటర్లు. పది నిమిషాలు అలా నిలబెడితే 220 మిల్లీలీటర్లు, అంటే ఒక పెద్ద గ్లాసుడు, చక్రం ఒక్క చుట్టు తిరగకుండా ఆవిరి. ఆ గంటకు లీటర్ల అంకెను స్క్రీన్‌మీద ఒక్కసారి కళ్లారా చూస్తే ఇంజిన్ ఆపెయ్యాలని దానంతటదే అనిపిస్తుంది.

గాలినుంచి లెక్క కట్టడంలో బొక్కలూ ఉన్నాయి. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడు ఇంజిన్ పెట్రోలు ఎక్కువ కలుపుతుంది, యాప్ మాత్రం 14.7 అనే అనుకుంటూ తక్కువ చూపిస్తుంది. గేరులో ఉంచి కాలు తీసేసి వాలులో దిగుతున్నప్పుడు ఇంజెక్టర్లు పూర్తిగా మూసుకుంటాయి, ఖర్చు సున్నా. కానీ గాలి పోతూనే ఉంటుంది కాబట్టి చాలా యాప్‌లు అక్కడా పెట్రోలు కాలుతున్నట్టే చూపిస్తాయి. ఘాట్ రోడ్డు దిగేవాళ్లకు ఈ తప్పు బాగా తగులుతుంది. ఇంధనంలో 20 శాతం ఇథనాల్ ఉంటే నిష్పత్తి 13.5 దగ్గరకు దిగుతుంది, సెట్టింగు మార్చకపోతే యాప్ ఏడెనిమిది శాతం తక్కువ చూపిస్తుంది. పైగా ఆ మిశ్రమంలో లీటరుకు శక్తే ఆరేడు శాతం తక్కువ. బండి ఎక్కువ తాగుతోందని మెకానిక్ మీద అరిచేముందు ఈ రెండూ చూసుకోవాలి.

ఎంఏఎఫ్ సెన్సరు లేని ఇంజిన్లూ ఉన్నాయి. అలాంటిచోట యాప్ మ్యానిఫోల్డ్ (ఇంజిన్‌లోకి గాలి పోయే గొట్టం) ఒత్తిడి, గాలి ఉష్ణోగ్రత, ఆర్‌పీఎం తీసుకుని అంచనా వేస్తుంది. దానికి ఇంజిన్ ఎన్ని సీసీయో, వాల్యూమెట్రిక్ ఎఫిషియెన్సీ (సిలిండర్లు ఎంతవరకు గాలితో నిండుతాయన్నది) ఎంతో మనమే ఇవ్వాలి. టర్బో ఉంటే ఈ అంచనా ఇంకా గతి తప్పుతుంది.

ఇక డీజిల్. పెద్ద బండ్లలో డీజిల్‌వే ఎక్కువ కాబట్టి ఈ లోపం చిన్నది కాదు. డీజిల్ ఇంజిన్ గాలికి అడ్డు పెట్టదు. గాలి ఎప్పుడూ పుష్కలంగా పోతుంది, శక్తిని పెంచడం తగ్గించడం అంతా ఎంత డీజిల్ చిమ్ముతుందన్న దానిమీదే. ఆగి ఉన్నప్పుడు కాల్చాల్సిన దానికంటే ఎన్నో రెట్లు గాలి లోపలికి పోతుంటుంది. ఆ గాలిని పట్టుకుని నిష్పత్తితో భాగిస్తే వచ్చేది డీజిల్ లెక్క కాదు, కల్పన. ఆగిన బండి గంటకు నాలుగైదు లీటర్లు తాగుతున్నట్టు కనబడితే బెంబేలెత్తక్కర్లేదు, ఇంజెక్టర్లు మార్పించక్కర్లేదు. ఓబీడీలో ఒక్కో కొలతకు పీఐడీ అనే ఒక కోడు ఉంటుంది. వాటిలో 5ఈ అనేది ఉంది, ఇంజిన్ కంప్యూటరు తానే లెక్కగట్టిన ఇంధనం రేటు అందులో వస్తుంది. యాప్‌లో సపోర్టెడ్ పీఐడీల జాబితా తెరిచి 5ఈ ఉందేమో చూడండి. ఉంటే ఆ అంకెను నమ్మొచ్చు. లేకపోతే డీజిల్ బండికి ఖర్చు కోసం ఈ డాంగిల్ కొనవద్దు. ఎర్రర్ కోడ్లు చదువుకోడానికైతే వేరే మాట.

సరిగ్గా చెప్పే బండిలో మాత్రం ఇది పెద్ద బండి వాదనను భలే విడదీసి చూపిస్తుంది. 2,400 కిలోల ఎస్‌యూవీనీ 1,300 కిలోల కారునూ తీసుకుందాం. గంటకు 60 కి.మీ. వేగంనుంచి బ్రేకు వేసి ఆపితే పెద్దదానిలో సుమారు 330 కిలోజౌళ్లు బ్రేకుల్లో వేడిగా పోతాయి. మళ్లీ ఆ వేగం అందుకోవడానికి ఇంజిన్ సామర్థ్యం పావు వంతు అనుకుంటే 40 మిల్లీలీటర్లకు పైగా పెట్రోలు కావాలి. చిన్నదానికి 23 చాలు. పాతిక సిగ్నళ్లకు పెద్ద బండి ఒక లీటరు కేవలం మళ్లీ కదలడానికే తగలేస్తుంది. బరువు ఖరీదు ఊళ్లోనే, ఆగి కదిలే చోటే.

హైవే మీద కథ వేరు. అక్కడ శత్రువు ముందుభాగం వెడల్పు, ఎత్తు. పెద్ద బండికి గాలి నిరోధం గంటకు 90 కి.మీ. దగ్గర సుమారు 375 న్యూటన్లు, 110 దగ్గర 560. టైర్ల నిరోధం రెండుచోట్లా 235 చిల్లరే. మొత్తం కలిపితే 90 నుంచి 110కి పోయినందుకు కిలోమీటరుకు 30 శాతం ఎక్కువ తోపు కావాలి. అదే 90 వేగంలో చిన్న కారుకు మొత్తం నిరోధం 360 న్యూటన్లు, పెద్దదానికి 610. కాబట్టి "హైవే మీద రెండూ ఒకటే" అనే మాట నిజం కాదు. "పెద్దదైతే మూడింతలు తాగుతుంది" అన్నదీ నిజం కాదు. పైన క్యారియర్ బిగించి ఖాళీగా తిప్పడం, టైర్లలో గాలి తగ్గడం కూడా స్క్రీన్‌మీద తెలుస్తాయి, కాకపోతే ఒక్క ట్రిప్పులో కాదు.

యాప్ పెట్టగానే చేయాల్సిన మొదటి మార్పు యూనిట్లది. లీటరుకు కిలోమీటర్లు తీసేసి, 100 కి.మీ.కి లీటర్లు పెట్టండి. కారణం చిన్న లెక్కలో ఉంది. లీటరుకు 6 ఇచ్చే బండిని 8 ఇచ్చేలా మార్చితే వెయ్యి కిలోమీటర్లకు దాదాపు 42 లీటర్లు మిగులుతాయి. 15 ఇచ్చేదాన్ని 20కి తెస్తే మిగిలేది 17 లీటర్లు లోపే. చూడటానికి రెండోదే గొప్పగా కనిపిస్తుంది. ఈ భ్రమ గురించే రిచర్డ్ లారిక్, జాక్ సోల్ 2008లో సైన్స్ పత్రికలో రాశారు. అంటే ఎక్కువ తాగే బండిలో చిన్న మెరుగుదలకే పెద్ద ఫలితం. అంతర్జాతీయ ఇంధన సంస్థ లెక్కలో 2023లో ప్రపంచంలో అమ్ముడైన కార్లలో 48 శాతం ఎస్‌యూవీలే. రోడ్డుమీద ఇన్ని ఉన్నప్పుడు వాటిని తిట్టుకుంటూ కూర్చోవడంకన్నా అవి ఎక్కడ వృథా చేస్తున్నాయో పట్టుకోవడం మేలు. లీటరు పెట్రోలు కాలితే 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్, డీజిల్ అయితే 2.7 కిలోలు, బండి చిన్నదైనా పెద్దదైనా.

కాలిబ్రేషన్ లేకుండా ఈ డాంగిల్ చూపే ఏ అంకెనూ ఎవరికీ చెప్పకండి. పద్ధతి ఇది. బంకులో పంపు మొదటిసారి తనంతట తాను క్లిక్ మని ఆగేదాకా ట్యాంకు నింపించండి, ఆపైన గుండ్రని అంకె కోసం పోయించవద్దు. యాప్‌లో ట్రిప్ సున్నా చేయండి. మళ్లీ నింపేది అదే బంకులో, వీలైతే అదే పంపు దగ్గర, బండి అదే వాలులో నిలబెట్టి. పెద్ద ట్యాంకులో ఒక మూల గాలి చిక్కుకుంటే రెండు మూడు లీటర్లు తేడా కొడుతుంది, అందుకే ఒక ట్యాంకుతో సరిపెట్టక మూడు ట్యాంకులు చూడాలి. మూడింటికీ కలిపి బంకు 187.2 లీటర్లు, యాప్ 174.6 అంటే, మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే 1.072. ఆ అంకెను యాప్‌లోని ఫ్యూయల్ కరెక్షన్ దగ్గర పెట్టండి. ఈ మూడు ట్యాంకుల్లో ఒక్కసారైనా డాంగిల్ తెగిపోయి మళ్లీ కలిసి ఉంటే లెక్క చెడింది, మొదట్నుంచీ మొదలెట్టాలి.

దూరం సంగతి కూడా తేల్చుకోవాలి. పెద్ద బండ్లవాళ్లకు టైర్లు పెంచే సరదా ఎక్కువ. 265/65 ఆర్17 తీసి 265/70 ఆర్17 వేస్తే టైరు వ్యాసం 776 మి.మీ.నుంచి 803కి పెరుగుతుంది. 100 కి.మీ. తిరిగినా మీటరులో 97 కూడా నిండవు, మైలేజీ పడిపోయినట్టు కనిపిస్తుంది. కొంత నిజంగానే పడుతుంది, కొంత మీటరు మాయ. యాప్‌లో దూరాన్ని జీపీఎస్‌నుంచి తీసుకోమంటే మాయ భాగం పోతుంది. స్పీడోమీటరు కూడా అంతే తక్కువ చూపిస్తుందని మరవద్దు.

వేగం విషయంలో చవక డాంగిళ్లు నీరసం. సెకనుకు అయిదారు పీఐడీలు చదివేవే ఎక్కువ. స్క్రీన్‌మీద పది గేజీలు పేర్చితే ఒక్కొక్కటి రెండు సెకన్లకోసారి కదులుతుంది, మధ్యలో జరిగింది లెక్కలోకి రాదు. ఖర్చు కొలిచేటప్పుడు ఎంఏఎఫ్, వేగం, ఆర్‌పీఎం, ఈ మూడే ఉంచండి. టార్క్, కార్ స్కానర్ వంటి యాప్‌లలో ఇది రెండు నిమిషాల పని. ఐఫోన్ ఉన్నవాళ్లు పాత రకం బ్లూటూత్ డాంగిల్ కొంటే కలవదు, లో ఎనర్జీ బ్లూటూత్‌ది గానీ వైఫైది గానీ కావాలి. వైఫైది పెడితే ఫోన్ ఆ నెట్‌వర్కుకే అతుక్కుని మ్యాపులకు ఇంటర్నెట్ ఆగిపోవచ్చు.

ఇప్పుడు ఆ 16వ పిన్ను. డాంగిల్‌ను పోర్టులోనే వదిలేస్తే తాళం తీసినా అది 40 మిల్లీఆంప్స్ వరకు లాగుతూనే ఉంటుంది. రోజుకు దాదాపు ఒక ఆంపియర్-అవర్. బండి సొంత వాడకం దీనికి అదనం. రెండు వారాలు కదలని బండిలో, బ్యాటరీ పాతదైతే, సెల్ఫ్ తిరగదు. దీనికితోడు చాలావాటి జోడింపు సంకేతం 1234, లేదా 0000. పక్కన నిలబడిన ఎవరైనా మీ బండి కంప్యూటరుతో మాట్లాడొచ్చు. తనంతట తాను నిద్రపోయే రకం కొనండి, లేదా దిగేటప్పుడు పీకి జేబులో వేసుకోండి. ఏనుగును కొని అంకుశం దగ్గర బేరమాడినట్టు, అంత బండికి అన్నిటికంటే చవక డాంగిల్ వెతకడంలో అర్థం లేదు. ఇంకో మాట: పోర్టులోంచి బయటికి పొడుచుకొచ్చే పొడుగు డాంగిల్ ఎక్కి దిగేటప్పుడు మోకాలికి తగిలి పిన్నులు వదులవుతాయి, పొట్టిదే తీసుకోవాలి.

అచ్చం ఇలాగే ఉండి, పోర్టులో గుచ్చితే చాలు పెట్రోలు ఆదా అవుతుందని అమ్మేవి కూడా ఉన్నాయి. వాటిని విప్పి చూసినవాళ్లకు కనబడింది మినుకుమినుకుమనే ఎల్‌ఈడీలు. క్యాన్ పిన్నులకు సరైన కనెక్షనే ఉండదు, ఇంజిన్‌కు అవి చెప్పేదేమీ లేదు. ఈ రివ్యూలోని డాంగిల్ కూడా తనంతట తాను చుక్క పెట్రోలు మిగల్చదు. అంకె చూపిస్తుంది, కాలు మనదే.

కొన్న రోజే, తిరిగి ఇచ్చే గడువు ఉండగానే, నాలుగు చూడండి: బండితో ఒక నిమిషంలోపు కలుస్తుందా, జాబితాలో ఎంఏఎఫ్ గానీ 5ఈ గానీ (డీజిల్‌కైతే 5ఈయే) ఉందా, అరగంట నడిపినా తెగకుండా ఉందా, తాళం తీసిన గంటకు దాని దీపం ఆరిందా. మొదటి మూడింటిలో ఏది తప్పినా వెనక్కి ఇచ్చేయండి. డ్యాష్‌బోర్డులో ట్రిప్ కంప్యూటర్ ఉన్న బండివాళ్లు మాత్రం కొనేముందు పైన చెప్పిన మూడు ట్యాంకుల పరీక్ష దానిమీదే చేయండి. లీటరుకు 10.6 అని అది చూపించినప్పుడు బంకు లెక్కలో 10 వస్తోందంటే, ప్రతిసారీ ఆరు శాతం కోసి చదువుకుంటే సరి, డాంగిల్ అవసరమే లేదు.