మాధవాయిపాలెం జాడ వెతికిన నాలుగు రోజులు

నరసాపురంలో వశిష్ఠ గోదావరి దాటి సఖినేటిపల్లి వెళ్లేవారు పంటు ఎక్కే రేవు పేరు మాధవాయిపాలెం. పదిహేడవ శతాబ్దంలో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ వారు అక్కడ వర్తక స్థావరం పెట్టుకొని, ఈ ప్రాంతపు నేతగాళ్లు నేసిన బట్టను ఓడలకెక్కించారు. ఊరి పేరు వారి నోట ‘మదపొల్లం’ కాగా, అదే ఒక రకం మెత్తని నూలుబట్టకు పేరై ఇంగ్లీషు నిఘంటువుల్లో చేరింది. ఆ నేత ఊరి గురించి కాగితాల్లో ఏం మిగిలిందో చూడాలని నేనూ, లెక్కల మాస్టారుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న మా బావగారూ జనవరిలో బయలుదేరాము.

మొదటి రోజున్నర ఒక ప్రభుత్వ రికార్డు గది వరండాలో గడిచింది. ‘2022లో జిల్లాలు విడిపోయాయి కదండీ, పాత కట్టలు ఎటు పోయాయో ఎవరికి తెలుసు’ అన్న గుమాస్తా చివరికి పద్నాలుగు పేజీల నకళ్లు ఇచ్చి రూ.140 తీసుకున్నాడు. అవన్నీ పక్క ఊరి భూముల లెక్కలని బావగారు బస్సులో కనిపెట్టి, ఆ తర్వాత గంటసేపు నాతో మాట్లాడలేదు. బస్టాండు దగ్గర మేము దిగిన లాడ్జి ఇంకా ఘోరం: ఫోనులో రూ.1,200 అన్న గదికి వెళ్లాక రూ.1,800 అడిగారు, పైగా బకెట్టు వేడినీళ్లకు రూ.30 విడిగా రాశారు. నరసాపురంలో పని ఉన్నవారు పాలకొల్లులో దిగడమే మేలని నా అభిప్రాయం. అక్కడ తిన్న మినపరొట్టెతోనే బావగారి కోపం తగ్గింది.

మూడో రోజు రాజమహేంద్రవరంలోని ఒక పాత గ్రంథాలయం మా యాత్రను నిలబెట్టింది. నేను 1907 నాటి గోదావరి జిల్లా గెజెటీరు (జిల్లా వివరాలతో ప్రభుత్వం వేసిన గ్రంథం) అడగగానే అక్కడి పెద్దాయన నవ్వి, ‘అందులో నరసాపురం ఉండదండీ, 1904లోనే ఆ తాలూకాను కృష్ణా జిల్లాలో కలిపేశారు’ అని, హెన్రీ మోరిస్ 1878లో ప్రచురించిన గోదావరి జిల్లా చరిత్రను తెచ్చి ముందుంచారు. రికార్డు గదిలో ఎవరైనా ఈ ఒక్క మాట చెప్పి ఉంటే మాకు రోజున్నర మిగిలేది. రుసుము అడగలేదు సరికదా, మధ్యాహ్నం టీ కూడా ఆయనే తెప్పించారు.

భారత వర్తకంపై కంపెనీ గుత్తాధిపత్యం 1813లో పోయింది, 1833 చట్టంతో దాని వ్యాపారమే ఆగింది. కొనేవాడు పోయిన మగ్గం మీదికి ఇంగ్లండులోని లాంకషైర్ మిల్లుబట్ట వచ్చి పడింది. ఆ మిల్లులు కూడా తమ గుడ్డను ‘మదపొల్లం’ పేరుతోనే అమ్మాయని తెలిసినప్పుడు, బావగారు కళ్లజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నారు.

నాలుగో రోజు రేవుకు వెళ్తే పంటు, మోటారుసైకిళ్ల వరుస తప్ప పాత స్థావరపు గుర్తు ఏదీ మా కంటపడలేదు. గ్రంథాలయంలో ఫోటోలు తీయనివ్వరు కాబట్టి వెళ్లేవారు నోటు పుస్తకం, పెన్సిలు వెంట ఉంచుకోవాలి. అక్కడ మాకు కావలసిన పదకొండు పేజీలూ బావగారు తన గుండ్రని దస్తూరీతో ఎత్తిరాశారు. శుద్ధప్రతి పంపిస్తానన్నారు గానీ, ఇంకా నాకు అందలేదు.