నర్సాపురం చుట్టాలతో హైదరాబాద్‌లో మూడు రోజులు: పేరున్న హోటళ్లలో ఏం తిన్నాం, ఎలా ఉంది

డిసెంబరు చివర్లో మా అక్కా బావగారూ ఇద్దరు పిల్లలతో నర్సాపురం నుంచి వచ్చారు. బావగారు ఫోన్‌లో పదకొండు హోటళ్ల పేర్లు రాసుకొచ్చారు, అన్నీ యూట్యూబ్‌లో చూసినవే. నేను మలక్‌పేటలో పదిహేడేళ్లుగా ఉంటున్నా, ఆ లిస్టులో సగం చోట్లకి వెళ్లి ఐదారేళ్లవుతోంది. "మరి మీరెక్కడ తింటార్రా?" అని అక్క అడిగితే ఒక్క పేరు కూడా చెప్పలేకపోయాను. ఇక్కడ మేం పేరు చూసి వెళ్లం, ఏం తినాలనుంది, ఇప్పుడు టైమెంత, ఈ రెండూ చూసుకుని వెళ్తాం. ఆ సంగతి మొదటి రోజే చెప్పకపోవడం నా తప్పు.

మొదటి రోజు లిస్టులో మొదటి పేరుకే వెళ్లాం. పేరు రాయను. మధ్యాహ్నం మూడున్నర దాటింది, అయినా టోకెన్ తీసుకుని నలభై నిమిషాలు నిలబడ్డాం, పిల్లలు ఆకలికి ఏడుపు మొహం పెట్టారు. వచ్చిన మటన్ బిర్యానీలో పైన అన్నం ఎండిపోయి ఉంది, ముక్క మెత్తగానే ఉంది గానీ దాని రుచి దానిదే, అన్నం రుచి అన్నానిదే. బిర్యానీతో ఇచ్చే మిరపకాయల కూర, మిర్చీ కా సాలన్‌లో నువ్వులు, పల్లీల రుచే లేదు, పలచగా కారం నీళ్లలా ఉంది. "ఇదేనా బావా, ఇంత పేరు? దీనికంటే భీమవరంలోనే బాగా చేస్తారు" అన్నారు బావగారు. మా హైదరాబాద్ వంట గురించి ఆ మాట విని నిజంగా బాధేసింది.

కచ్చే గోష్త్ బిర్యానీ అంటే పచ్చి మాంసాన్ని పెరుగు, బొప్పాయి ముద్ద, మసాలాలతో నానబెట్టి, సగం ఉడికిన బియ్యం పైన పరిచి, మూతకి పిండి అంటించి దమ్ పెడతారు. మాంసం, బియ్యం రెండూ ఒకేసారి ఉడకాలి, మధ్యలో మూత తీసి చూసేది ఉండదు. అందుకే హండీ, అంటే ఆ వండిన గిన్నె, తెరిచిన గంటలోపు తిన్న బిర్యానీ వేరు, మూడు గంటలు మూత కింద మగ్గింది వేరు, అది ఎంత గొప్ప హోటలైనా సరే.

మర్నాడు బషీర్‌బాగ్ వైపు కేఫ్ బహార్‌కి పన్నెండున్నరకి తీసుకెళ్లాను. "భాయ్, కొత్త హండీ ఎప్పుడు తీస్తారు?" అని అడిగితే "పంద్రా మినట్ ఠైరో సాబ్" (పదిహేను నిమిషాలు ఆగండి) అన్నాడు, ఆగాం. "జర కింది నుంచి తీయ్, మసాలాతో" అని కూడా చెప్పాను, ఇది ఇక్కడివాళ్లందరూ అడిగే మాటే, అడగకపోతే పైన తెల్లన్నం ఎక్కువ పడుతుంది. ఈసారి బావగారు ఏమీ అనలేదు, నల్లీ బొక్క (మూలుగ ఎముక) చప్పరించి ఇంకో సింగిల్ ప్లేటు చెప్పమన్నారు. ఇదీ పేరున్న హోటలే, టూరిస్టులు వచ్చేదే. కాబట్టి టూరిస్టులు వస్తే వంట పాడైపోతుందని నేను ఒప్పుకోను.

దానికి ఇంకా పెద్ద ఉదాహరణ చార్మినార్ పక్కనే ఉన్న నిమ్రా కేఫ్. అంతకంటే టూరిస్టు చోటు ఊళ్లో ఇంకోటి లేదు, కూర్చోవడానికి సరిగ్గా చోటుండదు, ఫొటోలు తీసుకునేవాళ్లు అడ్డం పడుతుంటారు. కానీ డికాక్షన్ విడిగా, పాలు విడిగా మరిగించి కలిపిన ఇరానీ చాయ్, అప్పుడే ట్రేలో వచ్చిన ఉస్మానియా బిస్కెట్లు, ఇంకా వేడిగా ఉన్నాయి, మా చిన్న మేనకోడలు ఆరు తినేసింది. గిరాకీ ఎక్కువైతే బిస్కెట్టు ఇంకా తాజాగా దొరుకుతుంది, బిర్యానీకి అలా కుదరదు.

పొద్దున్నే తినే మాంసం పులుసు, నిహారీ కోసం మూడో రోజు పొద్దున్నే లేచాం. మెట్రోలో ఎంజీబీఎస్ (మహాత్మాగాంధీ బస్ స్టేషన్) దగ్గర దిగి ఆటోలో మదీనా దగ్గర షాదాబ్‌కి చేరేసరికి ఏడు కాలేదు. రాత్రంతా ఉడికిన పాయల (మేకకాళ్ల) పులుసులాంటి ఆ చిక్కటి రసంలో రొట్టె ముంచుకుని తింటుంటే చుట్టూ ఒక్క కెమెరా లేదు, పనికి వెళ్లేముందు తినేవాళ్లు తప్ప. అదే హోటల్ మధ్యాహ్నం వేరే లోకం. పొద్దున తొమ్మిదింటికి లేచే చుట్టాలకి దీని సంగతి చెప్పొద్దు, నిరాశపడతారు.

లిస్టులో హలీమ్ కూడా ఉంది. వద్దన్నాను, బావగారు వినలేదు. హైదరాబాదీ హలీమ్‌కి 2010లో జీఐ (ఫలానా ఊరిదని చెప్పే భౌగోళిక గుర్తింపు) వచ్చింది, అది నిజమే, కానీ గోధుమలు, మాంసం, నెయ్యి కలిపి కట్టెల భట్టీ మీద గంటల తరబడి ఘోట్నీలతో (పెద్ద చెక్క రోకళ్లతో) దంచడం రంజాన్ నెలలో జరిగేది. డిసెంబరులో ఒకచోట మాకు పెట్టింది జిగురుగా, వేడి చేసి తెచ్చినట్టుంది. గిన్నె సగమే ఖాళీ అయింది.

బస నాంపల్లి స్టేషన్ దగ్గర లాడ్జిలో పెట్టించాను. గదులు శుభ్రంగానే ఉన్నాయి, వేడినీళ్లు మాత్రం ఏడు దాటాకే, నిహారీ రోజున చన్నీళ్లతోనే కానిచ్చారు పాపం. మెట్రో పక్కనే, సుభాన్ బేకరీ నడిచి వెళ్లేంత దూరం, తిండి కోసం వచ్చేవాళ్లకి హైటెక్ సిటీ వైపు కంటే ఇటే నయం. ఆ ట్రాఫిక్‌లో రెండు పూటల తిండి పోతుంది.

ఆంధ్రా భోజనానికి పేరున్న ఒకచోట చేపల పులుసు తిని అక్క ఒక్క ముక్కలో తేల్చేసింది: "చింతపండు పచ్చివాసన పోలేదురా." గోదావరి ఒడ్డున పెరిగిన మనిషి, దానికి నేనేం చెప్పను. గోదావరి వంట తినడానికి వాళ్లని ఇక్కడిదాకా తీసుకొచ్చి అలాంటి చోట కూర్చోబెట్టడమే పొరపాటు.

ఆ రాత్రి లిస్టు పక్కనబెట్టి మా వీధి చివరకి తీసుకెళ్లాను. సాయంత్రమైతే ఒకావిడ పొయ్యి పెట్టుకుని జొన్న రొట్టెలు చేస్తుంది, పేరూ లేదు, బోర్డూ లేదు. అక్క పక్కన కూర్చుని "కర్ర లేకుండా అంత పలచగా ఎలా తడుతున్నావమ్మా?" అని అడిగింది. "పిండికి మసిలే నీళ్లు పోయాలక్కా, అంతే" అని ఆవిడ చేతిలో ఒక ముద్ద పెట్టింది. అక్క తట్టిన రొట్టె అంచులు పగిలాయి. అయినా బావగారు అదే కావాలని తీసుకుని, ఎర్రకారంతో నిలబడే తిన్నారు.