కుందేళ్ళున్న పెరట్లో ఏ పండ్ల మొక్క మేలు: మల్బరీయా, జామా, వాక్కాయా?

కావలి నుంచి ఒంగోలు దాకా కుందేళ్ళు పెంచుకునేవాళ్ళు ఎవరు కలిసినా నన్ను అడిగేది ఇదే. పెరట్లో నాలుగు పండ్ల మొక్కలు పెట్టాలనుంది, కుందేలు కొరికినా భయం లేనివి ఏవి అని. జామ పెట్టమని ఒకరు చెప్పారంటారు, మల్బరీ అని ఇంకొకరు, వాక్కాయ అయితే కంచెకు కూడా పనికొస్తుందని మరొకరు. మూడూ మా పెరట్లో ఉన్నాయి. నా ఓటు మల్బరీకే, అలాగని జామను తీసిపారేయలేను.

మనం మొక్క పెట్టేది పండు కోసం, కుందేలు తినేది మాత్రం ఆకు, చిగురు, బెరడు. పండు దానికి ఎప్పుడైనా రుచి చూపించాల్సిందే తప్ప మేత కాదు, ఎందుకంటే తీపి ఎక్కువైతే పేగుల్లో మేత పులియబెట్టే సూక్ష్మజీవులు దెబ్బతిని పొట్ట ఉబ్బుతుంది, పైగా కుందేలు వాంతి చేసుకోలేదు, లోపలికి పోయింది పోయినట్టే. కాబట్టి పండు ఎంత బాగున్నా ముందు ఆకు సంగతి చూడాలి. సీతాఫలం గింజల పొడి పేలు చంపడానికి వాడతారని మన ఊళ్ళలో అందరికీ తెలుసు, ఆకులోనూ ఆ గుణం ఉంది. దానిమ్మ బెరడు, వేరు మంచివి కావు. అంజీర పండు ముక్క పెట్టొచ్చు కానీ ఆకు తుంచితే కారే పాలు నోటిని మండిస్తాయి. ఇవి ఇప్పటికే మీ ఇంట్లో ఉంటే కొట్టేయక్కర్లేదు, కుందేళ్ళను వదిలే వైపు లేకుండా చూసుకుంటే చాలు.

మల్బరీ, అంటే కంబళి పండు చెట్టు, ఈ లెక్కలో ముందుంటుంది. ఆకులో మాంసకృత్తులు బాగా ఉంటాయి, చాలా దేశాల్లో కుందేళ్ళ మేతగానే వాడతారు. లేత కొమ్మ ఇస్తే ఆకు తిని, ఆ పుల్ల కూడా కొరుకుతూ కూర్చుంటుంది, జీవితాంతం పెరిగే పళ్ళకు ఆ అరుగుదల అవసరం. ఇంకో పెద్ద సౌకర్యం, దీన్ని కత్తిరించినకొద్దీ చిగురు వస్తుంది, ఆ కొత్త చిగురుతోనే కాయ కూడా వస్తుంది. అంటే కుందేలుకు కొమ్మ కోసినప్పుడల్లా మనకు పండు తగ్గుతుందన్న బెంగ ఉండదు. కుందేలు కాండం మొదలు దగ్గర బెరడంతా చుట్టూ కొరికేసినా ఎక్కువసార్లు మోడు నుంచి మళ్ళీ లేస్తుంది. జామ కూడా లేస్తుంది కానీ ఇంత తొందరగా కాదు.

అయితే రోజూ మల్బరీ ఆకే వేయకూడదు. అందులో కాల్షియం ఎక్కువ, కుందేలు ఆ ఎక్కువైనదాన్ని మూత్రంలోనే బయటికి పంపాలి, ఎడాపెడా పెడితే మూత్రం చిక్కగా, సుద్దనీళ్ళలా వస్తుంది. మేతలో ఎక్కువ భాగం గరిక, ఎండుగడ్డి ఉండాలి, మల్బరీ ఒక గుప్పెడు. కోసిన ఆకు కుప్పగా పోసి వేడెక్కనివ్వకండి. పండయితే రెండు కిలోల కుందేలుకు ఒకటో రెండో, అదీ వారంలో రెండుసార్లు.

ఇక జామ. ఆకు కుందేలుకు ప్రమాదం కాదు, కొంచెం వగరు, లేతాకు ఇష్టంగానే తింటుంది. సముద్రం పక్క ఊళ్ళలో బోరు నీళ్ళు ఉప్పగా ఉంటే మల్బరీ ఆకు అంచులు మాడతాయి, జామ కాస్త ఓర్చుకుంటుంది. మీ నీళ్ళు అలాంటివైతే నా మాట పక్కన పెట్టి జామే పెట్టండి. తైవాన్ పింక్ లాంటివి పొట్టిగా ఉండగానే కాయిస్తాయి, పొదలా కత్తిరించుకోవచ్చు. నాకు జామతో ఉన్న టెన్షన్ అంతా మందులే. పిండినల్లి పట్టిందని, కాయలో పురుగు పడిందని ఎవరో ఒకరు ఏదో ఒకటి కొట్టమంటారు, ఆ కొట్టిన ఆకే మర్నాడు కుందేలు నోట్లోకి వెళ్తుంది. పిండినల్లి మల్బరీకీ వస్తుంది, కానీ పట్టుపురుగుల కోసం దాన్ని పెంచేవాళ్ళే మందుకు భయపడతారు, పురుగు చచ్చిపోతుందని. మనమూ అదే పద్ధతి పట్టుకోవాలి. పట్టిన కొమ్మ కోసి తీసేయడం, పైపుతో గట్టిగా నీళ్ళు కొట్టడం, అంతే. జామకు కాయల మీద సంచి కట్టండి, మందు జోలికి పోకండి.

వాక్కాయ పప్పు, పచ్చడి మనకు ప్రాణం, సందేహం లేదు. కానీ ముళ్ళు కుందేలు కంటికి తగులుతాయి, కొమ్మ విరిస్తే పాలు, పైగా అది గన్నేరు కుటుంబం. బయటి కంచెకు సరే. నిమ్మ కూడా ముళ్ళదే. రాస్‌బెర్రీ, బ్లాక్‌బెర్రీ ఆకులు కుందేళ్ళకు మంచివని చలిదేశాల వాళ్ళు చెప్పేది నిజమే, మన రోహిణి కార్తెలో ఆ మొక్కలు బతకవు.

ఎండ సంగతి కూడా కలుపుకోండి. ముప్పై డిగ్రీలు దాటగానే కుందేలు ఇబ్బంది పడుతుంది, మనకు నలభై దాటుతుంది. గూటికి పడమటి వైపు మల్బరీ పెట్టి వేసవిలో నీళ్ళు ఆపకుండా పోస్తే ఆ వెడల్పాటి ఆకులు మధ్యాహ్నం ఎండను ఆపుతాయి.

ప్రకాశం వైపు వాళ్ళకు ఒక మాట. సుబాబుల్ తోటలు ఎక్కడ చూసినా ఉన్నాయి కదా అని రెమ్మలు తెచ్చి రోజూ వేస్తుంటారు. దానిలో మిమోసిన్ అనే విషపదార్థం ఉంటుంది, ఎక్కువ తింటే బొచ్చు ఊడుతుంది. గట్టు మీది గ్లిరిసిడియా కూడా వద్దు.

మల్బరీ కొనక్కర్లేదు, తెలిసినవాళ్ళ చెట్టు నుంచి పెన్సిల్ లావు కొమ్మ, మూడు నాలుగు కణుపులున్నది, జానెడు తెచ్చుకుంటే చాలు. మనకు అసలు వానలు అక్టోబర్, నవంబర్‌లలో కాబట్టి అప్పుడు గుచ్చండి, నీళ్ళు నిలవని చోట చూసుకుని. వేరు పట్టాక రెండడుగుల ఎత్తు ఇనుప వల చుట్టూ కట్టి, కాండం బొటనవేలంత లావయ్యేదాకా తీయకండి.