డ్రైవర్‌ను నిద్ర లేపే కెమెరా కొంటున్నారా? డబ్బులు కట్టే ముందు ఇది చదవండి

మాకు విజయవాడలో రెండు ట్రావెల్స్ బండ్లున్నాయి. ఎక్కువగా హైదరాబాద్ ఎయిర్‌పోర్టు ట్రిప్పులే, అవీ రాత్రిళ్లు. కస్టమర్లను దింపి తెల్లవారుజామున ఖాళీ బండితో తిరిగొచ్చేటప్పుడే డ్రైవర్‌కు కళ్లు మూతలు పడేది. అందుకని డ్యాష్‌బోర్డు మీద పెట్టే నిద్రమత్తు అలారం కెమెరా ఒకటి 7,500 రూపాయలకు కొని బిగించాను. ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి కంపెనీ పేరూ, షాపు పేరూ రాయడం లేదు.

షాపులో డెమో బ్రహ్మాండంగా ఉంది. కళ్లు మూసిన రెండు సెకన్లకే కుయ్యోమని అరిచింది. కానీ అది మిట్టమధ్యాహ్నం, పైన ట్యూబులైట్లు కూడా.

రోడ్డెక్కాక కుడి అద్దంలోకి చూసినా, టోల్‌గేట్ దగ్గర తల తిప్పినా ఒకటే గోల. వారం తిరక్కుండా మా డ్రైవర్ సౌండ్ తగ్గించేశాడు. నాలుగు తిట్టి మళ్లీ పెంచించాను. (తప్పు నాదే, ఎందుకు అరుస్తోందో అప్పుడే చూసుకోవాల్సింది.) పోయిన నెల తెల్లవారుజామున మూడున్నరకు, సూర్యాపేట దాటాక కోదాడ రాకముందే బండి డివైడర్‌ను రాసుకుంటూ పోయింది. ఒక అద్దం, రెండు డోర్లు పోయాయి. మనిషికి ఏమీ కాలేదు, అంతే చాలు. 80 స్పీడులో బండి సెకనుకు 22 మీటర్లు పోతుంది. మూడు సెకన్ల కునుకు పడితే 66 మీటర్లు. సౌండ్ ఫుల్లుగా ఉన్నా ఆ డబ్బా మాత్రం కిక్కురుమనలేదు.

"చీకట్లో దానికి నేను కనపడితే కదన్నా" అన్నాడు డ్రైవర్.

నిజమే. రాత్రి ముఖం కనిపించాలంటే కెమెరా పక్కన మన కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్ లైట్లు ఉండాలి. చీకట్లో దాన్ని ఆన్ చేసి ఫోన్ సెల్ఫీ కెమెరాతో చూస్తే చాలా ఫోన్లలో అవి ఊదా రంగు చుక్కల్లా కనిపిస్తాయి. టీవీ రిమోట్‌తో ముందు మీ ఫోన్‌ను పరీక్షించుకోండి. నా ఫోన్‌లో రిమోట్ మెరిసింది, ఈ డబ్బా మెరవలేదు. విప్పి చూస్తే అసలు ఆ లైట్లే లేవు. అట్ట పెట్టె మీద మాత్రం "నైట్ విజన్" అని ఉంది!

అమ్మినవాడు "యూరప్‌లో తప్పనిసరి చేసిన టెక్నాలజీ సార్" అన్నాడు. 2024 జూలై నుంచి అక్కడ కొత్త కార్లన్నిటికీ నిద్రమత్తు హెచ్చరిక తప్పనిసరి అన్న మాట నిజమే. అయితే అది కంపెనీలోనే బిగించి, నిబంధనల ప్రకారం పరీక్షించిన సిస్టమ్ సంగతి. వాటిలో కొన్నిటికి కెమెరాయే ఉండదు, స్టీరింగ్ తిప్పే తీరును బట్టి పసిగడతాయి. ఈ డబ్బాకూ ఆ చట్టానికీ ఏ సంబంధమూ లేదు.

కొనక తప్పదనుకుంటే రాత్రిపూట కదిలే బండిలోనే పరీక్షించండి. కొన్ని పరికరాలు స్పీడు అందుకుంటే గానీ పనిచేయవు. స్టీరింగ్ వేరేవాళ్లకిచ్చి, కెమెరాను పక్కసీటు వైపు తిప్పి, మీరు అక్కడ కూర్చుని కళ్లు మూయండి. కళ్లజోడుతో ఒకసారి, లేకుండా ఒకసారి. షాపువాడు దీనికి ఒప్పుకోకపోతే ఇంక బేరం అనవసరం.

చెవికి తగిలించుకునే 200 రూపాయల బజర్ కూడా వాడాను. తల ముందుకు వాలితే తప్ప అది మోగదు. తల నిటారుగా ఉండగానే నిద్రపోయేవాళ్లు మా దగ్గరే ఇద్దరున్నారు.

షాపువాడు వారం దాటింది కాబట్టి డబ్బు వెనక్కి ఇవ్వనంటున్నాడు. 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టాను. బిల్లు మీద "కార్ యాక్సెసరీ" అని మాత్రమే ఉండటంతో ఇప్పుడు ఇబ్బంది పడుతున్నాను. మీరు మోడల్ నంబరు రాయించుకోండి, డెమోను ఫోన్‌లో వీడియో తీసి పెట్టుకోండి.