ఐసు వద్దన్నా వేస్తాడు, వేసినందుకు డబ్బులూ గుంజుతాడు. జాగ్రత్తండీ బాబూ!

ఇంకా ఒళ్లు మండుతూనే ఉంది, అందుకే ఇప్పుడే రాసేస్తున్నా. నిన్న కోటిపల్లి రేవు నుంచి వస్తూ దార్లో ఆ కూల్‌డ్రింకుల కొట్టు దగ్గర ఆగాం. ఏ కొట్టో చెప్పక్కర్లేదు, ఫ్లెక్సీ మీద మనిషెత్తు గ్లాసు బొమ్మ ఉంటుంది చూడండి, అదే. అమ్మ, నేను, మా ఆవిడ, పిల్లలిద్దరు.

"కొబ్బరి బొండాం కొట్టించుకుందాం రా" అని అమ్మ అంటూనే ఉంది. వింటేగా! కోనసీమలో పుట్టి, పెరట్లో పన్నెండు చెట్లు పెట్టుకుని, నాకు ఆర్టోస్ కూల్‌డ్రింకు కావాల్సొచ్చింది.

ఆర్టోస్‌ని ఏమీ అనట్లేదు. 1919లో మన రామచంద్రపురంలో సోడాలతో మొదలైన సరుకు, చిన్నప్పట్నుంచీ నాకు ప్రాణం. కాకపోతే నాదో పిచ్చి. సీసాకి చెమట పట్టి ఉండాలి, మూత నా కళ్ల ముందు తియ్యాలి, సీసా ఎత్తిపెట్టే తాగాలి. గరుకు ఐసు మీద పోశారా, గ్యాసంతా బుస్సున పొంగిపోయి ద్రాక్ష రంగు తీపినీళ్లు మిగులుతాయి. అందుకే రెండుసార్లు చెప్పా: "బాబూ, ఐసు వద్దు, గ్లాసులొద్దు, సీసాలే ఇవ్వు."

"ఆయ్, అలాగేనండి" అన్నాడు. ఎంత మర్యాదో!

వెనక్కెళ్లి అయిదు గ్లాసులు పట్టుకొచ్చాడు. నిండా ఐసు. సీసాలు ఎక్కడ తెరిచాడో, అసలు అవి సీసాల్లోవేనో ఆ కోటిలింగేశ్వరుడికే తెలియాలి. లేచి తొంగి చూశాను కదా, ఓ కుర్రాడు తడి గోనెసంచి మీద దిమ్మ పెట్టి సుత్తితో కొడుతున్నాడు. దిమ్మ అంచున లేత నీలం. దానికి అంటుకుని ఓ రొయ్య మీసం. నిజం, మీసమే! చెరువుల మీద బతికేవాళ్లం, ఆ మాత్రం గుర్తుపట్టమా?

"ఈ నీలం ఏటయ్యా?"

"లైటు పడి అలా కనిపిస్తందండి."

మిట్టమధ్యాహ్నం లైటట! తినే ఐసు కానిదాంట్లో నీలం రంగు కలపాలని 2018లోనే ఆహార భద్రత సంస్థ రూలు పెట్టింది. మనం చూసి ఆగుతామని. నేను చూసేసరికి చిన్నోడు సగం గ్లాసు తాగేశాడు. రొయ్యలకి చేసే మర్యాద మా వాడికీ జరిగింది.

ఇహ బిల్లు. సీసా మీద ధర 20, మాకు వేసింది ముప్ఫై. "కూలింగూ ఐసూనండి" అన్నాడు.

"ఐసు వద్దన్నాను కదయ్యా?"

"వేసేశాక వద్దంటే ఎలాగండి?"

గట్టిగా అడిగితే, "ఐసు లేకుండా చల్లగా కావాలంటే గోదాట్లో దిగండి" అన్నాడు. పక్కనున్న నలుగురూ నవ్వారు. నేను నూటయాభై ఇచ్చి వచ్చేశాను. అదీ నా పౌరుషం. అమ్మ ఇంటిదాకా ఒక్క మాట అన్లేదు, తిట్టినా బాగుండేది.

అటు వెళ్తే మూత మీ ముందే తీయించండి, దిమ్మ రంగు చూడండి. ముద్రించిన ధర మీద కూలింగ్ అని రూపాయి ఎక్కువ అడిగినా చట్టం ఒప్పుకోదు, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చెయ్యొచ్చు. ఇది నాకు ఇంటికొచ్చాక గుర్తొచ్చిందనుకోండి.

చిన్నోడు గొంతు నొప్పంటున్నాడు, మిరియాల కషాయం కాయాలి. వస్తా.